‘ఆ దిశగా’ అని రాస్తే మా ఇన్‌చార్జి కొట్టేశారు, మీరేమంటారు?

కొత్తసబ్ | సోమవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నేనొక దినపత్రిక జిల్లా డెస్క్‌లో చేరి ఐదు నెలలైంది. ఇవాళ సాయంత్రం నుంచి ఒక్క మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. నిద్ర పట్టక ఇక్కడ పెడుతున్నాను.

మా విలేకరి పంపిన వార్తను నేను సరిచేసి ఇచ్చాను. మొదటి రెండు వాక్యాలు ఇవి:

“పట్టణంలో తాగునీటి ఎద్దడి నివారణ దిశగా పురపాలక సంఘం అడుగులు వేస్తోంది. ఆ దిశగా ఇప్పటికే చర్యలు చేపట్టినట్లు అధికారులు తెలిపారు.”

మా ఇన్‌చార్జి మేడం రెండు ‘దిశగా’ల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి పక్కన ఇలా రాశారు: “ఎవరు నడుస్తున్నారు? ఎక్కడ బయల్దేరారు? ఎందాకా వచ్చారు? తెలిస్తే అది రాయి. తెలియకపోతే ఫోన్ చెయ్యి.” అప్పటికే ఎడిషన్ టైం అయిపోయింది. వార్త రేపటికి ఆగింది.

బాధేసింది, కాస్త కోపం కూడా వచ్చింది. ఇంటికొచ్చి ఇవాళ్టి పేపర్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ‘గెలుపు దిశగా’, ‘సాధికారత దిశగా’, ‘నష్టాల దిశగా సూచీలు’, ‘వాయవ్య దిశగా వాయుగుండం’. అందరూ రాస్తున్న మాటే కదా. అన్నిచోట్లా తప్పేనా, కొన్నిచోట్లేనా? ఆ తేడా పట్టుకోవడం ఎలాగో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాతడెస్క్ | సోమవారం, రాత్రి 12:15

అమ్మా, 31 ఏళ్లు డెస్క్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. మీ మేడం అడిగిన మూడు ప్రశ్నల్లోనే మీకు కావలసిన తేడా ఉంది.

ఒక మనిషి బజారు దిశగా తిరిగి నిలబడ్డాడు అనుకోండి. బజారుకు వెళ్లాడని చెప్పలేం. కూరలు తెచ్చాడని అసలే చెప్పలేం. ‘దిశగా’ అనే మాట మొహం ఎటు ఉందో చెబుతుంది, అంతే. కదిలాడో లేదో, ఎంత దూరం కదిలాడో వేరే మాటలు చెప్పాలి. మీ వాక్యంలో ఆ వేరే మాటలు లేవు. ‘అడుగులు’ ఉన్నాయి కానీ అవి ఎవరి అడుగులో, ఎన్నో తెలియదు.

నేను కుర్రవాళ్లకు చెప్పే పరీక్ష ఒకటుంది. ఇదే వాక్యాన్ని వచ్చే ఏడాది ఇదే తేదీన మళ్లీ వేస్తే చెల్లుతుందా? “తాగునీటి ఎద్దడి నివారణ దిశగా పురపాలక సంఘం అడుగులు వేస్తోంది.” చక్కగా చెల్లుతుంది. పదేళ్ల తర్వాత కూడా చెల్లుతుంది. అలాంటప్పుడు ఇవాళ్టి పేపర్లో దానికి చోటెందుకు?

ఇంకో సంగతి గమనించండి. “ఎద్దడి తీర్చడానికి” అని మొదలుపెడితే వాక్యం తనంతట తానే ఒక పనిని అడుగుతుంది. తీర్చడానికి ఏం చేశారు? బోరు వేశారు, ట్యాంకర్లు పెంచారు, పైపు మార్చారు. అదే “నివారణ దిశగా” అని మొదలుపెడితే దాని వెనక అతికేవి నాలుగే మాటలు: అడుగులు, చర్యలు, కృషి, ప్రయత్నాలు. ఆ నాలుగింటిలో ఏదీ కంటికి కనబడేది కాదు.

మా రోజుల్లో రాత్రిపూట టెలిప్రింటర్ మీద ఇంగ్లిష్ కాపీ దిగేది. గబగబా తెనిగించాలి. ఇంగ్లిష్ వాక్యం ఎలా వంగితే మన వాక్యాన్నీ అలాగే వంచేవాళ్లం. ‘దిశగా’ ఇంతగా పెరిగింది ఆ తొందరలోనే అని నా నమ్మకం. మాట మంచిదే. దాన్ని నిలబెట్టిన చోటే ఇబ్బంది.

మా_దిక్కు | మంగళవారం, ఉదయం 6:50

పాతడెస్క్ సార్ చెప్పింది బాగుంది. నేను వరంగల్ జిల్లావాణ్ణి, తెలుగు పండిట్‌ని. మాటల గురించి ఒకటి చెప్తాను.

మా ఊళ్లో ఎవరూ ‘దిశగా’ అనరు. “ఇటు దిక్కు రా”, “మా దిక్కు వానలు పడ్డయి”, “వాడు ఎటు దిక్కు పోయిండో”. సంస్కృతంలో దిక్, దిశ అన్నదమ్ముల్లాంటి మాటలు. మొదటిది మన నోళ్లలో నలిగి ‘దిక్కు’ అయ్యింది, రెండోది ‘దెస’ అయ్యింది. ‘నలుదెసలా’ అన్నప్పుడు వినిపించేది అదే. ‘దిశ’ మాత్రం సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చి పత్రికల్లో స్థిరపడింది.

‘దిక్కు’లో ఇంకో అర్థం కూడా ఉంది చూడండి. “నాకెవరు దిక్కు?” అంటే ఎవరు ఆసరా అని. దిక్కులేనివాడు, దిక్కుమాలినది, దేవుడే దిక్కు. ఎటు వెళ్లాలో తెలిసినవాడికి ఆసరా ఉన్నట్టే అని మన పెద్దలు అనుకుని ఉంటారు. అంత బరువున్న మాటను పత్రికలు ‘దిక్కుతోచని స్థితిలో’ అన్న ఒక్క మూసకే వదిలేశాయి. “రైతులకు దిక్కెవరు” అని ఎప్పుడైనా హెడ్డింగ్ పడితే చదివేవాళ్లకు గుండెల్లో తగులుతుంది. “రైతు సంక్షేమం దిశగా” అంటే ఎక్కడా తగలదు.

చిత్తూరు_తట్టు | మంగళవారం, ఉదయం 7:30

అన్నా, మీ దిక్కు మాకు ‘తట్టు’. “ఆ తట్టు పో”, “ఈ తట్టు రా”. అందుకే నా పేరు అలా పెట్టుకున్నాను. కోస్తా స్నేహితులు “నాకేసి చూడు” అంటారు, “నా వంక చూడు” అని కూడా అంటారు. వైపు, వంక, కేసి, పక్క, దిక్కు, తట్టు. ఇన్ని ఉన్నాయి మనకు. పేపర్లో మిగిలినవి వైపు, దిశగా, ఈ రెండే.

మా అమ్మమ్మ పేపరు చదివించుకుని వింటుంది. “అభివృద్ధి దిశగా” అని చదివితే “అంటే అయిందా, కాలేదా?” అని అడుగుతుంది. నేను ఏం చెప్పాలో తెలియక “అవుతుందంట” అంటాను.

తీరంగాలి | మంగళవారం, ఉదయం 9:05

బాపట్ల దగ్గర మాది. భౌతికశాస్త్రం చెబుతాను. ఈ మాట నిజంగా ప్రాణాల మీదికి వచ్చే చోటు ఒకటుంది, వాతావరణ వార్తలు. అక్కడ ‘దిశగా’ అలంకారం కాదు, కొలిచి చెప్పే మాట. అక్కడే తప్పులు కూడా ఎక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మొదటిది గాలి. గాలికి పేరు అది వచ్చే వైపును బట్టి పెడతారు. నైరుతి రుతుపవనాలు నైరుతి నుంచి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు ఈశాన్యం నుంచి వస్తాయి. మన ఊళ్లలో పడమటి గాలి అన్నా పడమర నుంచి కొట్టేదే. కానీ తుపాను కదలికకు పేరు అది పోయే వైపును బట్టి. వాయవ్య దిశగా కదులుతోంది అంటే వాయవ్యానికి పోతోంది. అంటే గాలికీ తుపానుకూ లెక్క సరిగ్గా తలకిందులు.

ఇప్పుడు వార్తల్లో తరచూ కనిపించే వాక్యం: “రాష్ట్రంలో నైరుతి దిశగా గాలులు వీస్తున్నాయి.” తెలుగు తెలిసినవాడు దీన్ని చదివితే గాలి నైరుతికి పోతోందనుకుంటాడు. అంటే అది ఈశాన్యపు గాలి. చెప్పాలనుకున్నది నైరుతి గాలి. ‘దిశగా’ తీసేసి ‘దిశ నుంచి’ అంటే సరిపోతుంది. ఇంకా తేలిగ్గా ‘నైరుతి గాలులు’ అంటే చాలు.

రెండోది తుపాను ఎక్కడుంది, ఎటు పోతోంది అనేది. “విశాఖపట్నానికి ఆగ్నేయంగా 300 కిలోమీటర్ల దూరంలో ఉండి వాయవ్య దిశగా కదులుతోంది.” ఈ వాక్యం బంగారం లాంటిది. ‘ఆగ్నేయంగా’ అన్నది చోటు, ‘వాయవ్య దిశగా’ అన్నది కదలిక. రెండూ కలిపితే మనవైపే వస్తోందని అర్థం. దీన్ని కుదించబోయి “విశాఖకు ఆగ్నేయ దిశగా తుపాను” అని హెడ్డింగ్ పెడితే దూరంగా పోతోందేమో అనిపిస్తుంది. మూడు అక్షరాల్లో భయం తగ్గిపోతుంది. తగ్గకూడని భయం అది.

మూడోది. దిశ మారుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ తర్వాత అది మలుపు తిరిగి ఈశాన్యంగా బెంగాల్ వైపు వెళ్లింది. 2021 డిసెంబరులో జవాద్ వచ్చింది. ఉత్తరాంధ్ర అంతా టెన్షన్. తీరానికి దగ్గరగా వచ్చి ఒడిశా వైపు తిరిగి, పూరీ చేరేలోపే బలహీనపడింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తీరానికి సమాంతరంగా ఉత్తరానికి పాకుతూ వచ్చింది. చెన్నై దగ్గర తీరం దాటకుండానే చెన్నైని ముంచి, డిసెంబరు 5న మా బాపట్ల దగ్గర దాటింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఒకే ‘దిశగా’ పోలేదు. అందుకే తుపాను వార్తలో దిశతోపాటు గంట తప్పనిసరిగా ఉండాలి. “ఉదయం 5:30కు” అని లేకుండా “వాయవ్య దిశగా” అని రాస్తే అది నిన్నటి దిశ అయినా కావచ్చు.

వలకాపు | మంగళవారం, ఉదయం 10:20

తీరంగాలి గారూ, మాది చేపల వేట చేసే కుటుంబం. నాన్న, చిన్నాన్న ఇప్పటికీ బోటు మీద వెళ్తారు. ఓడరేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్ల గురించి కూడా చెప్పండి. టీవీలో “ఎనిమిదో నంబరు తొమ్మిదికి పెరిగింది, తొమ్మిది పదికి పెరిగింది” అంటుంటే వినేవాళ్లకు మార్కుల్లాగా అనిపిస్తుంది. మా నాన్న అలా కాదంటాడు. ఆ నంబర్లలో కుడి, ఎడమ ఉన్నాయని చెబుతాడు.

తీరంగాలి | మంగళవారం, ఉదయం 10:55

మీ నాన్నగారు చెప్పిందే నిజం. ఇది నేను మర్చిపోయి ఉండకూడదు.

ఐదు, ఆరు, ఏడు నంబర్లు ఒక జట్టు. ఎనిమిది, తొమ్మిది, పది ఇంకో జట్టు. తుపాను తీవ్రమైనదైతే రెండో జట్టు ఎగరేస్తారు. ఒక్కో జట్టులోపల తేడా తీవ్రతది కాదు, తుపాను ఏ పక్క నుంచి పోతుందన్నది. ఎనిమిది అంటే తుపాను దారికి ఓడరేవు ఎడమ పక్కన ఉంటుంది. తొమ్మిది అంటే కుడి పక్కన ఉంటుంది. పది అంటే ఓడరేవు మీదుగా గానీ చాలా దగ్గరగా గానీ దాటుతుంది. ఐదు, ఆరు, ఏడుకు కూడా ఇదే వరుస.

కుడి, ఎడమ ఎందుకంత ముఖ్యమంటే, మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది. తుపాను పోయే వైపు మొహం పెట్టి నిలబడితే కుడిచేతి పక్క, దాని సొంత వేగం, తిరిగే గాలి రెండూ కలుస్తాయి. మన కోస్తాకు అది పడమరకో వాయవ్యానికో వస్తుంది కాబట్టి కుడి పక్క అంటే దాటిన చోటుకు ఉత్తరంగా ఉన్న తీరం. సముద్రాన్ని ఒడ్డుమీదికి తోసేది ఆ పక్క గాలే. ఎడమ పక్క గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టింది. తుపాను దాటిన చోటుకు దివిసీమ కుడి పక్కన ఉంది.

అంటే తొమ్మిదో నంబరు చూసిన రేవులో ఉప్పెన భయం ఎక్కువ. ఆ ఒక్క మాట వార్తలో రాస్తే జనానికి ఎంత మేలో. నంబరు మాత్రమే రాసి దిశను వదిలేస్తున్నాం.

వలకాపు | మంగళవారం, ఉదయం 11:10

ఇది ఇంట్లో చదివి వినిపించాను. నాన్న తలూపాడు. “మాకు రేడియోలో అంకె చెప్పి ఊరుకునేవాళ్లు, మా తాత రేవుకెళ్లి ఎగరేసిన గుర్తు చూసొచ్చేవాడు” అన్నాడు.

హైవే65 | మంగళవారం, మధ్యాహ్నం 1:30

నాకు జరిగింది చెబుతాను. కొన్నేళ్ల కిందట మా నాన్న హైదరాబాద్‌లో బస్సెక్కి సూర్యాపేట వస్తున్నారు. సాయంత్రం ఒక చానల్‌లో స్క్రోలింగ్: “నకిరేకల్ సమీపంలో విజయవాడ దిశగా వెళ్తున్న బస్సు బోల్తా.” నాన్న ఫోన్ కలవడం లేదు. హైదరాబాద్ నుంచి సూర్యాపేటకు వచ్చే ప్రతి బస్సూ విజయవాడ దిశగానే వస్తుంది కదా. అమ్మ కుప్పకూలిపోయింది. ఒకటిన్నర గంట తర్వాత తెలిసింది, బోల్తా పడిన బస్సు విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తున్నదట. వాళ్లు దిశే తిప్పి రాశారు. నాన్న ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది, అంతే.

అప్పటి నుంచి ప్రమాద వార్త ఏది చదివినా మొదట ఆ మాటే చూస్తాను. “విజయవాడ వెళ్తున్న బస్సు” అంటే ఆ బస్సు ఆఖరి స్టాపు విజయవాడ. “విజయవాడ వైపు వెళ్తున్న బస్సు” అంటే ఆ రోడ్డులో అటు పోయే ఏ బస్సైనా కావచ్చు. చిట్యాలలో దిగేవాళ్లు, కోదాడలో దిగేవాళ్లు, నందిగామలో దిగేవాళ్లు, అందరూ అందులో ఉంటారు. డిపో పేరు, బయల్దేరిన ఊరు, చేరాల్సిన ఊరు, ఈ మూడూ తెలిసేదాకా దిశ రాయకపోయినా పర్వాలేదు. “నకిరేకల్ దగ్గర బస్సు బోల్తా, వివరాలు అందాల్సి ఉంది” అన్నా మేం ఎదురుచూస్తాం. తప్పు దిశ రాస్తే తట్టుకోలేం.

పాతడెస్క్ | మంగళవారం, మధ్యాహ్నం 2:05

హైవే65 గారూ, మీ అమ్మగారు పడిన ఆ గంటన్నర మా వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి.

బౌండరీలైన్ | మంగళవారం, సాయంత్రం 4:40

క్రీడా పేజీ నుంచి ఒక ఉదాహరణ. ‘ఓటమి దిశగా’, ‘విజయం దిశగా’ అన్నవి మ్యాచ్ రిపోర్టుల్లో రోజూ ఉంటాయి. 2001 మార్చి 13 సాయంత్రం కోల్‌కతా టెస్టును తీసుకోండి. ఫాలో ఆన్ ఆడుతున్న భారత్ 4 వికెట్లకు 254. ఇన్నింగ్స్ ఓటమి తప్పాలన్నా ఇంకా 20 పరుగులు కావాలి. ఎదురుగా వరసగా 16 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియా. ఆ సాయంత్రం ‘ఓటమి దిశగా’ అని ఎవరైనా రాసి ఉంటే తప్పు పట్టలేం, స్కోరు బోర్డు అలాగే ఉంది. మర్నాడు మన హైదరాబాద్ లక్ష్మణ్, ద్రవిడ్ రోజంతా ఒక్క వికెట్ పడకుండా ఆడారు. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180. భారత్ 171 పరుగులతో గెలిచింది.

క్రికెట్లో ఆ మాట నాకు పెద్ద అభ్యంతరం కాదు. ఎందుకంటే పక్కనే స్కోరు ఉంటుంది. దిశ అబద్ధమైతే అంకె చెబుతుంది. పాలన వార్తల్లో పక్కన అంకె ఉండదు, అదే తేడా అనుకుంటున్నాను.

పల్లెవిలేకరి | మంగళవారం, సాయంత్రం 6:10

అందరూ డెస్క్ వైపు నుంచి మాట్లాడుతున్నారు. నేను మండల విలేకరిని. నా వైపు కూడా వినండి.

ఆఫీసరు ప్రెస్‌మీట్ పెడతాడు. “తాగునీటి సమస్యపై దృష్టి పెట్టాం, ఆ దిశగా చర్యలు తీసుకుంటున్నాం” అంటాడు. ఏం చర్యలు సార్ అని అడిగితే “ప్రాసెస్‌లో ఉంది” అంటాడు. రెండోసారి గట్టిగా అడిగితే మూడోసారి ఫోన్ ఎత్తడు. రేపు అదే ఆఫీసరు దగ్గరికి ఇంకో వార్త కోసం వెళ్లాలి. మాకు జీతాల్లేవు, పేజీలో వచ్చిన వార్తకు లెక్క. ఆయన అన్నది అన్నట్టు రాస్తే నా మీదికి ఏమీ రాదు. ‘దిశగా’ నన్ను కాపాడే మాట.

ఇంకోటి. కొన్ని పనులు నిజంగానే దారిలో ఉంటాయి. సర్వే అయ్యింది, అంచనా తయారైంది, మంజూరు రాలేదు. దాన్ని ‘అయ్యింది’ అనలేను, ‘కాలేదు’ అంటే అబద్ధమవుతుంది. మధ్యలో ఉన్నదానికి ఒక మాట కావాలి కదా?

పాతడెస్క్ | మంగళవారం, సాయంత్రం 7:00

తమ్ముడూ, నీ కష్టం నాకు తెలియనిది కాదు. విలేకరి ఒక్కడి మీద తప్పు వేయడం అన్యాయం. ఆ ప్రశ్నలు ఫోన్ చేసి అడగాల్సిన బాధ్యత డెస్క్‌కూ ఉంది.

కానీ నీ రెండో మాటలోనే జవాబు ఉంది చూడు. “సర్వే అయ్యింది, అంచనా తయారైంది, మంజూరు రాలేదు.” మూడు చిన్న వాక్యాలు. వార్త అంటే అదే. ‘దిశగా’ రాసినప్పుడు ఈ మూడూ మింగేశావు. మధ్యలో ఉన్నదానికి తెలుగులో మాటలు లేకపోలేదు. సర్వే దశలో ఉంది, టెండరు దాకా వచ్చింది, ఫైలు కలెక్టరేట్‌లో ఆగింది. ఇవన్నీ మధ్యలో మాటలే, అయినా ఎంత మధ్యలో అన్నది చెబుతాయి.

ఆఫీసరు ఏమీ చెప్పనప్పుడు కూడా దారి ఉంది. “చర్యలు తీసుకుంటున్నామని కమిషనర్ చెప్పారు. అవేమిటో వెల్లడించలేదు.” ఆయన మాటా వచ్చింది, ఆయన చెప్పనిదీ వచ్చింది. ఇందులో నీ మీదికి వచ్చేదేమీ లేదు. చదివేవాడికి మాత్రం సగం సంగతి అర్థమైపోతుంది.

పల్లెవిలేకరి | మంగళవారం, సాయంత్రం 7:25

ఆ రెండో వాక్యం రాస్తే డెస్క్‌లో ఉంచుతారా సార్? నేను రాసినప్పుడల్లా తీసేశారు. అయినా మళ్లీ రాసి చూస్తాను.

డాలస్‌_అమ్మ | మంగళవారం, రాత్రి 9:50

మేం డాలస్‌లో ఉంటాం. మా పాపకు పదకొండేళ్లు. తెలుగు చదవడం మరిచిపోకూడదని రోజూ ఒక చిన్న వార్త చదివిస్తాను. 2023లో చంద్రయాన్-3 వార్తలు చదువుకున్నాం. పాపకు అవంటే ప్రాణం. జులై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరినప్పుడు ‘చంద్రుడి దిశగా’ అని చదివి, అట్లాసులో ఒక గీత గీసింది. తర్వాత రోజుల్లో అది ఇంకా భూమి చుట్టూనే తిరుగుతోందని చదివి “అమ్మా, మరి దిశగా అన్నారు?” అని అడిగింది. ఆగస్టు 1న భూకక్ష్య వదిలి చంద్రుడి దారి పట్టిందని, 5న చంద్రుడి కక్ష్యలోకి వెళ్లిందని చదివాక గీత చెరిపి, ముందు సున్నాలు చుట్టి అక్కడి నుంచి గీత గీసింది. 23న దిగినప్పుడు ఇల్లంతా గంతులు.

ఆ వార్తల్లో ప్రతిరోజూ ఎక్కడుందో, ఎంత దూరంలో ఉందో రాశారు. అందుకే చిన్నపిల్ల కూడా గీత దిద్దుకోగలిగింది. “మహిళా సాధికారత దిశగా” అన్న వార్త చదివిస్తే పాప పెన్సిల్ తీసుకోలేదు.

మా_దిక్కు | బుధవారం, ఉదయం 6:40

అమ్మా, మీ పాపకు నా ఆశీస్సులు.

ఇదే కుటుంబంలో ఇంకో రెండు మాటలున్నాయి. ఒకటి ‘దిశానిర్దేశం’. “అధినేత పార్టీ శ్రేణులకు దిశానిర్దేశం చేశారు.” సమావేశం జరిగిన ప్రతిసారీ ఇదే. ఏం చేయమన్నారో ఒక్క ముక్క రాస్తే ఆ పెద్దమాట అక్కర్లేదు. రెండోది ‘దశ, దిశ’. “జిల్లా దశ, దిశ మారుస్తాం.” దశ వేరు, దిశ వేరు. దశ అంటే స్థితి. “వాడి దశ తిరిగింది” అన్నప్పుడు ఉన్నది అది. ప్రాస బాగుందని రెండూ జతచేశారు. మారిన దిశ ఏమిటని అడిగితే చెప్పేవాళ్లు లేరు.

2019లో హైదరాబాద్ శివారు ఘటన తర్వాత ‘దిశ’ అన్నది ఒక ఆడపిల్లకు పెట్టిన పేరు కూడా అయ్యింది. బాధితురాలి అసలు పేరు రాయకూడదు కాబట్టి ఆ పేరు పెట్టారు. నాకు ఆ మాట కనబడ్డప్పుడల్లా ఇప్పుడు ముందు ఆ అమ్మాయే గుర్తొస్తుంది.

గోదారిగట్టు | బుధవారం, ఉదయం 8:15

కొంచెం పక్కకు వెళ్తున్నాను, క్షమించండి. వరద వార్తల్లో ‘ఎగువ’, ‘దిగువ’ చూశారా? అవి దిశ మాటలే, కానీ ఎంత పదునుగా ఉంటాయో! “భద్రాచలం వద్ద 53 అడుగులు, మూడో ప్రమాద హెచ్చరిక, దిగువన లంక గ్రామాలు ఖాళీ.” ఎగువ, దిగువ ఎప్పుడూ ఒక చోటుకు కట్టుబడి ఉంటాయి, నది ఎటు పారుతుందో అందరికీ తెలుసు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు మా కోనసీమలో జనం అంకె విని, ఎగువ నుంచి మా దాకా నీళ్లు రావడానికి ఎంత సేపు పడుతుందో లెక్కేసుకుని గేదెల్ని గట్టెక్కించారు. దిశ మాట పనికొచ్చిందంటే ఇలా పనికొచ్చింది.

చిత్తూరు_తట్టు | బుధవారం, ఉదయం 8:40

పక్కకేమీ వెళ్లలేదు, సరిగ్గా మధ్యలోకే వచ్చారు. మీ లంకల్లో వాళ్లకు చోటు, అంకె, పారే వైపు, మూడూ దొరికాయి. మా అమ్మమ్మకు దొరకనివి ఆ మూడే.

కొత్తసబ్ | బుధవారం, రాత్రి 10:30

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న పొద్దున డ్యూటీకి వెళ్లగానే మొదట ఆ పురపాలక ఆఫీసుకు ఫోన్ చేశాను. కమిషనర్ గారు మీటింగ్‌లో ఉన్నారన్నారు. నాలుగోసారి చేస్తే ఇంజినీరింగ్ సెక్షన్‌లో ఒకాయన దొరికారు. మొదట “చర్యలు తీసుకుంటున్నాం మేడం” అన్నారు. మీరిచ్చిన ధైర్యంతో “ఎందాకా వచ్చింది సార్?” అని అడిగాను. కొంచెంసేపు ఊరుకుని, ఫైలు తెప్పించుకుని చెప్పారు. ఐదు నిమిషాల్లో అంతా వచ్చేసింది. మా విలేకరిని రెండు వార్డులకు వెళ్లి చూసి రమ్మన్నాను, ఆయన విసుక్కోకుండా వెళ్లారు.

ఇవాళ పేజీలో వచ్చిన మొదటి వాక్యాలు ఇవి:

“పట్టణంలోని మూడు వార్డులకు కొత్త పైపులైను వేయడానికి పురపాలక సంఘం మార్చిలో అంచనాలు పంపింది. మంజూరు ఇంకా రాలేదు. అప్పటిదాకా రోజుకు ఆరు ట్యాంకర్లు తిప్పుతామని ఇంజినీరింగ్ అధికారులు చెబుతున్నారు. మంగళవారం మధ్యాహ్నం దాకా రెండే వచ్చాయని స్థానికులు తెలిపారు.”

మేడం చదివి ఏమీ అనలేదు. పెన్ను పక్కన పెట్టి పేజీ పంపేశారు.

ఇవాళ మధ్యాహ్నం ఆ ఇంజినీరింగ్ ఆయనే ఫోన్ చేశారు. కోప్పడతారేమోనని భయపడుతూ ఎత్తాను. “మూడో ట్యాంకరు పంపించాం మేడం, రేపు అది కూడా రాయండి” అన్నారు. మా విలేకరి రేపు పొద్దున ఆరింటికి ఆ వార్డుకు వెళ్తున్నారు.